పచ్చి నిజం, పచ్చి అబద్ధం

నా వృత్తి శుభ్రం చేయడం. ఇల్లు కాదు, శబ్దం. ఎవరో ఒక పుస్తకం చదివి రికార్డు చేసి పంపుతారు. అందులోని గుటకలు, పెదవుల చప్పుళ్లు, పేజీ తిప్పిన సవ్వడి, ఫ్యాను హోరు, 'ప' అన్నప్పుడు మైకు మీద పడిన గాలి దెబ్బ, వీటన్నిటినీ ఏరి పారేయడం నా పని. బియ్యంలో రాళ్లు ఏరడానికీ దీనికీ పెద్ద తేడా లేదు. కళ్లకు బదులు చెవులు వాడాలి, అంతే. 18 ఏళ్లుగా ఇదే చేస్తున్నాను కాబట్టి నాకొక జబ్బు పట్టుకుంది. ఎవరైనా నాతో మాట్లాడుతుంటే వాళ్లు చెప్పేది సగమే వింటాను. మాటకూ మాటకూ మధ్య వాళ్లు పీల్చే ఊపిరి మాత్రం పూర్తిగా వింటాను.

ఇలాంటి నాకు, నాతో పనిచేసే కుర్రవాడొకడు నాలుగేళ్ల కిందట ఒక శుక్రవారం సాయంత్రం ఫైలు పంపాడు. పాట పేరు లేదు, పాడినవాళ్ల పేరు లేదు. కింద ఒకటే వాక్యం: "అక్కా, ఇది బాగా దెబ్బతింది, మీరే దిక్కు, సోమవారానికల్లా కావాలట."

తెరిచి చూశాను. మంచి రికార్డింగును తెర మీద చూస్తే అలలు లేచి పడుతుంటాయి, పైన కాస్త ఖాళీ ఉంటుంది. దీనిలో ఆ ఖాళీ లేదు. శిఖరాలన్నీ నలిగి, అణిగి, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.

విన్నాను. ఒక గిటారు, ఒక డ్రమ్ సెట్టు, ఒక మగ గొంతు. బేస్ గిటారు లేదు. వాయించాల్సిన మనిషి ఆ రోజు రాలేదేమో అనుకున్నాను. గిటారు శబ్దం స్పీకరులోని కాగితం చిరిగి కొట్టుకుంటున్నట్టుంది. డ్రమ్ము మీద దెబ్బ పడినప్పుడల్లా ఆ గది ఎంత చిన్నదో, పైకప్పు ఎంత కిందికి ఉందో తెలిసిపోతోంది. గొంతు గిటారు వెనక ఎక్కడో నిలబడి అరుస్తోంది. గిటారుకు పట్టిన తుప్పే దానికీ పట్టింది. ఇది పాడిన పాట అని నాకు తోచలేదు, పాడైన పాట అనుకున్నాను.

పనిలోకి దిగాను. గిటారు ఆగిన చోట యాంప్లిఫయర్ గుంయిమంటోంది. కరెంటు వల్ల వచ్చే ఆ హమ్‌ను తీసే పనిముట్టును నేనెప్పుడూ 50 హెర్ట్జ్ దగ్గరే పెట్టుకుని ఉండేదాన్ని. అది పట్టుకోలేదు. 60కి మారిస్తే పట్టింది. మన కరెంటు 50 హెర్ట్జ్, 60 ఉండేది అమెరికా లాంటి చోట్ల. అప్పుడైనా అనుమానం రావాల్సింది, రాలేదు. తరువాత టేపు సుయిమనే చప్పుడు తీశాను. నలిగిన శిఖరాలను లెక్కగట్టి మళ్లీ గుండ్రంగా లేపాను. గది ప్రతిధ్వనిని తగ్గించాను. గొంతును ముందుకు లాగాను. రెండున్నర గంటలు పట్టింది.

చివర మొత్తం విన్నాను. గిటారు పక్కింట్లో మోగుతున్నట్టుంది. డ్రమ్స్ అట్టపెట్టెలు. గాయకుడు జలుబు తగ్గిన మనిషిలా ఉన్నాడు. ఇంత పాడైన సరుకులో ఇంతకంటే రాబట్టలేమని సర్దిచెప్పుకుని పంపేశాను.

సోమవారం ఆ కుర్రవాడు కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వాడు. "అక్కా, మీరు శుభ్రం చేసింది పాడైన ఫైలు కాదు. 2003లో వచ్చిన రికార్డు. ఇన్నేళ్లుగా జనం డబ్బిచ్చి కొనుక్కుంటున్నారు."

నాకు కోపం వచ్చింది. ఆటపట్టించినందుకు కొంత, నా చెవి దొరికిపోయినందుకు చాలా. వారం రోజులు ఆ అబ్బాయితో ముక్తసరిగా మాట్లాడాను. ఎనిమిదో రోజు రాత్రి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, చెయ్యి మౌసుకు దూరంగా ఉంచి, అసలు ఫైలు మళ్లీ విన్నాను. తరువాత ఇంకోసారి. మూడోసారి విన్నప్పుడు పాదం నేల మీద తాళం వేస్తోందని గమనించాను.

ఆ బ్యాండు ద బ్లాక్ కీస్. ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ నగరానికి చెందిన ఇద్దరు: గిటారు, గొంతు డ్యాన్ ఔర్‌బాక్, డ్రమ్స్ పాట్రిక్ కార్నీ. 2001లో మొదలుపెట్టారు. బేస్ వాయించేవాడు రాలేదేమో అన్న నా ఊహ పూర్తిగా తప్పు కాదని తరువాత తెలిసింది. కార్నీ ఇంటి నేలమాళిగలో రికార్డింగు సామాను ఉండేది. ఔర్‌బాక్ తన అప్పటి బృందంతో నమూనా పాటలు చేసుకుందామని అక్కడికి వెళ్లాడు. బృందంలోని మిగతావాళ్లు రాలేదు. ఉన్న ఇద్దరూ ఊరికే కూర్చోలేక వాయించారు. రికార్డు చేయాల్సినవాడు డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. రానివాళ్లకు ఎవరైనా ధన్యవాదాలు చెప్పారో లేదో.

నేను పాడుచేసిన పాట వాళ్ల రెండో ఆల్బమ్ 'థిక్‌ఫ్రీక్‌నెస్'లో మొదటిది. 2002 డిసెంబరులో, అదే నేలమాళిగలో, దాదాపు ఆల్బమ్ అంతా 14 గంటలు ఒకే బిగిన రికార్డు చేశారు. ఇందులో సిద్ధాంతమేమీ లేదు. ఫ్యాట్ పాసమ్ అనే రికార్డు కంపెనీ ఇచ్చిన కొద్దిపాటి బయానా ఇంటి అద్దెకు అయిపోయింది, స్టూడియోకు మిగల్లేదు.

వాడిన యంత్రం టాస్కామ్ 388. దీని గురించి కాస్త చెప్పనివ్వండి, నా వృత్తి మనిషికి ఇది దాటలేని చోటు. 1980ల నాటి రీలు టేపు రికార్డరు అది, శబ్దాలను కలిపే మిక్సరు దానిలోనే ఉంటుంది. పావు అంగుళం వెడల్పున్న టేపు మీద 8 ట్రాకులు సర్దుతుంది. పెద్ద స్టూడియోలలో 8 ట్రాకులకు అంగుళం వెడల్పు టేపు ఇచ్చేవారు. అంటే ఇక్కడ ఒక్కో ట్రాకుకు దక్కేది అందులో నాలుగో వంతు చోటు. వేగం కూడా తక్కువ, సెకనుకు ఏడున్నర అంగుళాలు. అక్కడ పదిహేనో, ముప్పయ్యో ఉంటుంది. చోటు తక్కువైతే సుయిమనే చప్పుడు పెరుగుతుంది. దాన్ని ముంచేయాలంటే శబ్దాన్ని గట్టిగా రాయాలి. గట్టిగా రాస్తే టేపు మీది అయస్కాంత ధూళి ఒక హద్దు దాటి ఇక పట్టుకోలేదు. డిజిటల్‌లో అయితే ఆ హద్దు దగ్గర శబ్దం కొండ అంచు నుంచి పడినట్టు తెగిపోతుంది. టేపు అలా తెంచదు. బరువెక్కిన కొమ్మలా వంగుతుంది. శిఖరాలు గుండ్రంగా నలుగుతాయి, అసలు స్వరంలో లేని కొత్త పై స్వరాలు పుడతాయి, చిన్న చప్పుళ్లు పెద్దవాటి పక్కకు వచ్చి నిలబడతాయి. నేను రెండున్నర గంటలు కూర్చుని 'బాగుచేసింది' సరిగ్గా దీన్నే.

తెలుగులో ఇలాంటి శబ్దాన్ని ఏమనాలి అని చాలా రోజులు ఆలోచించాను. పత్రికల్లో 'ముడి' అని రాస్తారు. నాకు నచ్చదు. ముడి సరుకు, ముడి చమురు: ముడి అంటే ఇంకా ఏదో తయారు కావాల్సి ఉంది, ఫ్యాక్టరీకి చేరలేదు అని. ఈ పాట ఇంకెక్కడికీ చేరాల్సిన అవసరం లేదు. 'మొరటు' అంటే వాయించేవాళ్లకు చేతకాదని. నాకు తగిన మాట 'పచ్చి'. పచ్చి గాయం అంటాం, పచ్చి గోడ అంటాం. ముట్టుకుంటే చేతికి అంటుతుంది. అయితే ఈ మాటలో ఒక చిక్కుంది. పచ్చి నిజం అన్న నోటితోనే పచ్చి అబద్ధం అనీ అంటాం. ఏళ్లుగా మైకుల ముందు గొంతులు వింటున్న నాకు ఇది రెండోదేమో అన్న అనుమానమే ఎక్కువ. చేతిలో మంచి యంత్రం ఉండి కూడా కావాలని మురికి పూసుకునేవాళ్లు బోలెడుమంది. ఈ ఇద్దరూ ఆ కోవలోనివాళ్లేనా?

తేల్చుకోవడానికి నాకు తెలిసిన ఒకే ఒక దారి, తిరగేసి చేసి చూడటం. నా దగ్గర ఒక స్నేహితుడు వాయించిన బ్లూస్ (అమెరికా నల్లవాళ్ల సంగీతం) గిటారు రికార్డింగు ఉంది. శుభ్రమైనది, నేనే చేశాను. దానికి టేపును అనుకరించే సాఫ్ట్‌వేర్, యాంప్లిఫయరును అనుకరించే సాఫ్ట్‌వేర్, చిన్న గదిని అనుకరించే సాఫ్ట్‌వేర్, వరసగా తగిలించాను. మీటర్ల ప్రకారం అన్నీ సరిపోయాయి. వింటే నాటకంలో కుర్రవాడికి తెల్ల విగ్గు పెట్టి, చేతికి కర్ర ఇచ్చి తాతను చేసినట్టుంది. దగ్గుతాడు, వంగుతాడు, కానీ మెట్లు మాత్రం చకచకా ఎక్కేస్తాడు.

ఎందుకు పొసగలేదో తెలుసుకోవడానికి స్నేహితుడినే అడిగి, ఫజ్ పెడల్, అంటే శబ్దాన్ని గరగరలాడించే పెట్టె, తగిలించిన గిటారును అరగంట పట్టుకున్నాను. వాయించడం రాదు, తీగ మీటడం మాత్రం ఎవరికైనా వస్తుంది. ఆ అరగంటలో తెలిసింది ఇది. శుభ్రమైన గిటారులో తీగను మెల్లగా మీటితే మెల్లగా, గట్టిగా మీటితే గట్టిగా వినిపిస్తుంది, ఆ వెంటనే సన్నగిల్లుతుంది. ఫజ్‌లో తీగను ముట్టుకుంటే చాలు, గది నిండిపోతుంది. మీటిన స్వరం పోనంటుంది. వేలు ఎత్తడం కూడా ఒక శబ్దమే. ఏ తీగను మీటాలన్నది సగం పని, ఏ తీగను అరచేత్తో అణచి పెట్టాలన్నది మిగతా సగం. పైగా నాలుగైదు స్వరాలు కలిసిన తీగల మోత వేస్తే అవన్నీ ఒకదానితో ఒకటి గుద్దుకుని బురదవుతుంది. అందుకే ఈ తరహా గిటారు వాద్యకారులు ఒంటి స్వరాల వరసలకో, రెండు స్వరాల జంటలకో పరిమితమవుతారు. అంటే మురికి చివర్లో పూసే రంగు కాదు. ఏ స్వరం వాయించాలో, ఎప్పుడు ఆగాలో అదే నిర్ణయిస్తోంది. నా స్నేహితుడు శుభ్రమైన శబ్దాన్ని వింటూ దానికి తగినట్టు వాయించాడు. ఆ చేతులకు తరువాత నేను పూసిన బురద అంటుకోలేదు.

ఇంకొకటి డ్రమ్స్ విషయం. కార్నీ డ్రమ్స్ పద్ధతిగా నేర్చుకున్నవాడు కాదు. అది వినిపిస్తుంది. చెవిలో తాళం కొట్టే క్లిక్ పెట్టి, నిమిషానికి ఇన్ని దెబ్బలని కొలిచి వాయించిన వాయింపు కాదిది. గిటారు ఊపందుకుంటే డ్రమ్ము ముందుకు తూలుతుంది, గొంతు రాగానే వెనక్కు తగ్గుతుంది. ఇద్దరు మనుషులు ఇరుకు మెట్లు దిగుతూ బల్ల మోస్తున్నట్టుంటుంది. ఒకరి అడుగు ఒకరు చూసుకోవాలి, లేకపోతే ఇద్దరూ పడతారు. బేస్ గిటారు ఉంటే ఆ బల్లకు మూడో మనిషి దొరికేవాడు, ఇంత ప్రాణభయం ఉండేది కాదు.

మరమ్మతు చేయాల్సిన లోపాన్ని సంగీతంగా ఉంచేయడం వీళ్లతో మొదలైంది కాదు. నా వృత్తివాళ్లందరూ తెలుసుకోవాల్సిన ఒక సంగతి ఉంది. 1960లో నాష్‌విల్‌లో గాయకుడు మార్టీ రాబిన్స్ పాట ఒకటి రికార్డు చేస్తున్నారు. గ్రేడీ మార్టిన్ వాయిస్తున్న బేస్ గిటారు వెళ్లే మిక్సరు ఛానల్ చెడిపోయింది. నడిమధ్యలో అతని వాయింపు కందిరీగల గూడు కదిపినట్టు బుర్రుమంది. మళ్లీ వాయించి సరిచేసుకోవచ్చు. అలాగే ఉంచేశారు. 1961లో ఆ పాట విన్నవాళ్లు ఆ శబ్దం తమకూ కావాలన్నారు. రికార్డింగు రోజున మిక్సరు ముందున్న ఇంజినీరు గ్లెన్ స్నాడీ, ఆ లోపాన్ని కావలసినప్పుడల్లా పుట్టించే పెట్టె ఒకటి తయారు చేశాడు. గిబ్సన్ కంపెనీ 1962లో దాన్ని మేస్ట్రో ఫజ్-టోన్ పేరుతో అమ్మకానికి పెట్టింది. రాక్ సంగీతంలో ఫజ్ పెట్టెల వంశవృక్షానికి అదే వేరు. ఆ రోజు ఆ కుర్చీలో నేను ఉండి ఉంటే? ఛానల్ మార్చి, మళ్లీ వాయించమని, సాయంత్రానికి హాయిగా ఇంటికి వెళ్లేదాన్ని.

ఇంతవరకూ నాకు అర్థమైంది యంత్రాల సంగతి. మా కుర్రవాడు రెండో దెబ్బ కొట్టాడు. "అక్కా, వీళ్లు ఎవరి దగ్గర నేర్చుకున్నారో అది వినండి" అని జూనియర్ కింబ్రో రికార్డు పంపాడు. ఈసారి పేరు రాసే పంపాడు.

మిసిసిపీ బ్లూస్ అనగానే అందరూ డెల్టా గురించి చెబుతారు: నది పక్క చదును నేల, పత్తి చేలు. దానికి తూర్పున, రాష్ట్రం ఉత్తరపు అంచున కొండలూ గుట్టలూ ఉన్న ప్రాంతం ఒకటుంది. అక్కడి బ్లూస్ తీరే వేరు. మామూలు బ్లూస్‌కు పన్నెండు గళ్ల (తాళం ఆవర్తాల) చట్రం ఉంటుంది. మూడు రకాల తీగల మోతలు వంతులవారీగా వస్తాయి, పాట ఇంటి నుంచి బయలుదేరి, వీధి చివరి దాకా వెళ్లి, తిరిగి ఇల్లు చేరుతుంది. కొండ ప్రాంతపు బ్లూస్ ఇల్లు కదలదు. ఒకే మోత మీద పాటంతా నడుస్తుంది. బొటనవేలు కింది తీగను విడవకుండా కొడుతూ ఉంటుంది, మిగతా వేళ్లు పై తీగల మీద రాగం తీస్తాయి, గొంతు ఆ రాగాన్నే అనుసరిస్తుంది. తంబురా శ్రుతి చెవిలో ఉన్నవాళ్లకు ఇది అర్థం కావడానికి రెండు నిమిషాలు చాలు. అయితే ఈ శ్రుతి కూర్చుని వినేది కాదు, లేచి ఆడేది.

కింబ్రో 1930లో పుట్టాడు. చులహోమా అనే చోట సొంతంగా ఒక జూక్ జాయింట్ నడిపేవాడు. తాగడానికీ, ఆడటానికీ, వారాంతంలో ఒళ్లు మరచిపోవడానికీ జనం చేరే రేకుల కొట్టం లాంటిది. 1992లో విమర్శకుడు రాబర్ట్ పామర్ అక్కడికే మైకులు తీసుకెళ్లి ఆల్బమ్ రికార్డు చేశాడు. అప్పటికి కింబ్రోకు అరవై దాటాయి. బేస్ వాయించింది పొరుగున ఉండే మరో మహానుభావుడు ఆర్.ఎల్. బర్న్‌సైడ్ కొడుకు, డ్రమ్స్ కింబ్రో కొడుకు.

ఆ రికార్డు విన్న రోజు నా 'పచ్చి' సిద్ధాంతం కూలిపోయింది. ఇందులో పచ్చిది ఏమీ లేదు. ముప్పై నలభై ఏళ్లుగా అవే పాటలు, అదే ఊరివాళ్ల కోసం, వాళ్ల కాళ్లు చూస్తూ వాయించిన చెయ్యి అది. ఎక్కడ సాగదీస్తే నాట్యం చేసేవాళ్లు ఒకరినొకరు దగ్గరకు లాక్కుంటారో, ఎక్కడ బిగిస్తే నేల అదురుతుందో ఆ చేతికి తెలుసు. బాగా పండిన సంగీతం. యాంప్లిఫయరు గరగరమంటే దాని మీద ఆయనకు మోజు ఉండి కాదు. ఉన్నది అదే యాంప్లిఫయరు, గది నిండా జనం, ఆ గోలను మించి వినిపించాలి. ఆయన శబ్దాన్ని 'పచ్చి' అన్నది దూరం నుంచి విన్నవాళ్లు. వాళ్లలో నేనూ ఉన్నాను. మరి ఆక్రన్ నేలమాళిగలోని ఇద్దరు కుర్రవాళ్లు? ఆయన రికార్డులు వింటూ పెరిగినవాళ్లకు పాటా, పాటకు అంటిన గరగరా విడివిడిగా అందలేదు. రెండూ కలిపే నేర్చుకున్నారు. పెద్దాయన దగ్గర అవసరంగా ఉన్నది వీళ్ల దగ్గరికి వచ్చేసరికి వ్యాకరణమైంది. నిజమా అబద్ధమా అంటే నా జవాబు ఇది: కింబ్రోకు అది తన ఊరి యాస, వీళ్లకు ప్రేమించి పట్టుకున్న యాస. పట్టుకున్న యాసలో అబద్ధాలు చెప్పవచ్చు. వీళ్లు తమ అద్దె బాధలూ, తమ ప్రేమ బాధలూ చెప్పుకున్నారు.

తెల్లవాళ్లు నల్లవాళ్ల బ్లూస్ తీసుకుని బాగుపడటం అనే పాత తగువు ఇక్కడ రాకుండా ఉండదు. విల్లీ డిక్సన్ లాంటి పాటల రచయిత తన పేరు కోసం 1985లో లెడ్ జెప్పెలిన్ అనే బ్రిటిష్ రాక్ బృందం మీద దావా వేయాల్సి వచ్చింది, 1987లో రాజీ కుదిరింది. ఆ చరిత్ర తెలిసి ఈ బ్యాండును విన్నాను, లెక్క చూసుకుంటూనే విన్నాను. వీళ్లు పేరు దాచలేదు. మొదటి ఆల్బమ్ నుంచీ కింబ్రో పాటలు ఆయన పేరుతోనే పాడారు. 2006లో పూర్తిగా ఆయన పాటలతోనే ఒక చిన్న రికార్డు చేసి, ఆయన కొట్టం ఉన్న ఊరి పేరే పెట్టారు: 'చులహోమా'. దీనితో అన్యాయం సమసిపోయిందని అనను. కింబ్రో 1998లోనే పోయాడు, రెండేళ్లకు ఆ కొట్టం కాలిపోయింది. గ్రామీలు వచ్చింది ఆక్రన్ వాళ్లకు.

బ్యాండు పేరు కూడా ఇలాంటి ఒక మరుగు మనిషి ఇచ్చిందే. ఆక్రన్‌లో ఆల్ఫ్రెడ్ మెక్‌మూర్ అనే చిత్రకారుడు ఉండేవాడు, మానసిక అనారోగ్యం ఉన్న మనిషి. ఇద్దరి కుటుంబాలకూ తెలిసినవాడు. ఎవరిమీదైనా చిరాకు కలిగితే వాళ్ల ఫోను యంత్రంలో సందేశం వదిలేవాడు, అందులో వాళ్లను 'బ్లాక్ కీ', అంటే 'నల్ల మెట్టు' అని తిట్టేవాడు. హార్మోనియం మీద ఉంటాయే, ఆ నల్ల మెట్లు. శ్రుతి తప్పిన మనిషి అని ఆయన భావం కావచ్చు. ఒకరి తిట్టు బ్యాండు పేరైంది. ఇంతకంటే తగిన పేరు వాళ్లకు దొరికేది కాదు.

2004లో వచ్చిన మూడో ఆల్బమ్ నాకు అన్నిటికంటే ఇష్టం. ఆక్రన్ ఒకప్పుడు టైర్ల రాజధాని. గుడ్‌ఇయర్, ఫైర్‌స్టోన్, గుడ్‌రిచ్, జనరల్ టైర్ అన్నీ అక్కడివే. ఫ్యాక్టరీలు మూతపడ్డాక పెద్ద పెద్ద కట్టడాలు బోసిగా మిగిలాయి. మూతపడిన జనరల్ టైర్ ఫ్యాక్టరీలో రెండో అంతస్తు అద్దెకు తీసుకుని అక్కడ ఆ ఆల్బమ్ చేశారు, 'రబ్బర్ ఫ్యాక్టరీ' అని పేరు పెట్టారు. మిక్సరు సతాయించింది, గది ధ్వని కుదురుగా లేదు. అయినా అందులో నేలమాళిగ ఇరుకు పోయి, గిటారు చుట్టూ ఏదో చల్లటి ఖాళీ వచ్చింది. చెవిని మోసం చేసుకుంటున్నానేమో, ఫ్యాక్టరీ అని తెలిసి విన్నాను కాబట్టి. ఆ కట్టడాన్ని 2010లో కూల్చేశారు. గది పోయింది, గది ధ్వని టేపు మీద ఉండిపోయింది. నాబోటి వాళ్ల సాఫ్ట్‌వేర్ దాన్ని 'అనవసరమైన ప్రతిధ్వని' అంటుంది.

తరువాతి కథ అందరికీ తెలిసిందే కాబట్టి త్వరగా దాటేస్తాను. 2008 నుంచి డేంజర్ మౌస్ అనే నిర్మాత తోడయ్యాడు. 2010లో వచ్చిన 'బ్రదర్స్' చాలామటుకు అలబామాలోని మజిల్ షోల్స్ స్టూడియోలో చేసింది. మూడు గ్రామీలు తెచ్చింది, అందులో ఒకటి ఉత్తమ ఆల్టర్నేటివ్ ఆల్బమ్‌కు. 2011లో 'ఎల్ కమీనో' పెద్ద పెద్ద మైదానాల్లో మోగింది. అన్నీ బాగున్నాయి. బేస్ ఉంది, కీబోర్డులు ఉన్నాయి, ఎక్కడ ఏది వినిపించాలో అక్కడ అది వినిపిస్తుంది. వృత్తిరీత్యా వంక పెట్టలేను. ఇంట్లో పెట్టుకుని వినేది మాత్రం నేలమాళిగే.

2021లో వాళ్లు మళ్లీ కొండల వైపు తిరిగారు. 'డెల్టా క్రీమ్' అని, అన్నీ ఆ ప్రాంతపు పాత పాటలే. బర్న్‌సైడ్ పక్కన ఏళ్ల తరబడి గిటారు వాయించిన కెన్నీ బ్రౌన్, కింబ్రోతో బేస్ వాయించిన ఎరిక్ డీటన్ వచ్చి కూర్చున్నారు. రెండు మధ్యాహ్నాల్లో ముగించారు. అప్పటికి ఔర్‌బాక్‌కు నాష్‌విల్‌లో సొంత స్టూడియో ఉంది, డబ్బుకు కొదవ లేదు, అద్దె భయం లేదు. అయినా తొందరగా ముగించారు. విని కొంచెం నిరాశపడ్డాను, దాచను. చేతులు తేలికపడ్డాయి, బల్ల మోయడానికి ఇప్పుడు నలుగురున్నారు. కానీ కెన్నీ బ్రౌన్ వేలికి తొడిగిన స్లైడు గొట్టం తీగ మీద జారిన రెండు మూడు చోట్ల కుర్చీలోంచి లేచాను.

చివరిగా 'చులహోమా' దగ్గరికి వచ్చాను, కావాలనే ఆఖరున పెట్టుకున్నాను. పోయిన నెలలో ఒక రాత్రి, పని ముగిశాక, అదే కంప్యూటరు మీద, పని హెడ్‌ఫోన్లతోనే విన్నాను. పాటలయ్యాయి. ఆ తరువాత ఒక స్త్రీ గొంతు, ఫోను యంత్రంలో వదిలిన సందేశం. కింబ్రో భార్య. తన భర్త పాటలు ఈ కుర్రవాళ్లు వాయించడం ఆవిడకు నచ్చింది, అది చెప్పడానికి ఫోను చేసింది.

ఫోను గొంతు నా వృత్తికి నరకం. కింద 300 హెర్ట్జ్ లోపు ఏమీ ఉండదు, పైన 3400 దాటి ఏమీ ఉండదు, మధ్యలో గొంతు, దాని మీద గరగర. ఇలాంటిది నా దగ్గరికి వస్తే గంట పని. ఆవిడ మాటకూ మాటకూ మధ్య ఆగుతుంది. నేను ఊపిరి కోసం విన్నాను, జబ్బు కదా. చెయ్యి దానంతటదే మౌసు మీదికి పోయింది. హమ్ తీసే పనిముట్టు తెరుచుకుంది. అది ఇంకా 60 దగ్గరే ఉంది, నాలుగేళ్ల కిందటిది.

మూసేసి, మొదటి నుంచి విన్నాను, సందేశం వరకూ. అర్ధరాత్రి దాటాక మా కుర్రవాడికి ఒక మాట రాశాను: "చులహోమా చివర ఒక ఆవిడ మాట్లాడుతుంది, విన్నావా?"

మెలకువగానే ఉన్నాడు, వెంటనే జవాబొచ్చింది.

"విన్నాను అక్కా. శుభ్రం చేయలేదు కదా?"